పైన శుభ్రం.. లోపల బురద

ఉయ్యూరు: ఒకప్పుడు ఎడ్లను కడిగిన రేవుల్లోనే ఇప్పుడు జీపులు, ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లను దింపి కడుగుతున్నారు. కృష్ణా డెల్టా పల్లెల్లో ఇది పాత అలవాటే. దసరా ముందు రోజుల సంగతి ఇక చెప్పనక్కరలేదు. నీళ్లలోంచి గట్టెక్కిన బండి తళతళ మెరుస్తుంది. నిమ్మకాయలు కట్టి, కుంకుమ బొట్టు పెడితే యజమానికి తృప్తి. అయితే అదే రేవులో వెనుక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్‌లోకి గుక్కెడు నీరు, చిటికెడు ఒండ్రు చేరి ఉండవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. కొన్ని నెలలు గడిచాక ఆ నీరే పెద్ద ఖర్చుకు దారితీస్తుంది.

ఏమిటీ డిఫరెన్షియల్?

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం ప్రయాణించాలి. ఉయ్యూరులో 65వ నంబరు జాతీయ రహదారి నుంచి పక్క వీధిలోకి నిండుగా మలుపు తిరిగిన జీపునే తీసుకుందాం. వెనుక చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు ఉంటే, ఆ ఒక్క మలుపులోనే బయటి చక్రం దాదాపు 2.2 మీటర్లు అదనంగా తిరుగుతుంది. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే టైర్లు రోడ్డును గీరుకుంటాయి. ఈ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. ఫ్రాన్సుకు చెందిన ఒనెసిఫోర్ పెక్కర్ 1820వ దశకంలోనే ఆవిరి బండి కోసం దీనిని రూపొందించారు.

నేటి చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవే. వాటికి వెనుక ఈ భాగం ఉండదు. బొలెరో, ఈకో, టాటా ఏస్ వంటి వాహనాలకు, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కు మాత్రం వెనుక ఇరుసులోనే ఉంటుంది. ట్రాక్టరులో అది గేరుబాక్సు వెనుక, అదే పెద్ద పెట్టెలో భాగంగా ఉంటుంది కనుక దాని పని పద్ధతి వేరు.

నీరు ఎలా చేరుతుంది?

బండి నడిచినప్పుడు హౌసింగ్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి బయటకు పోవడానికి పైన బ్రీదర్ అనే చిన్న మూత ఉంటుంది. వేడి మీదున్న బండిని నేరుగా కాలువలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. అప్పుడు మునిగిన బ్రీదర్ గుండా, అరిగిన సీళ్ల గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ సీళ్లు ప్రధానంగా ఆయిల్‌ను లోపల నిలపడానికే ఉన్నాయి. నీట మునిగినప్పుడు వాటిని పూర్తిగా నమ్మలేం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు వాహనాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అలాంటి సమయంలో అందరి దృష్టీ ఇంజిను మీదకు పోవడం సహజం. వెనుక ఇరుసును మరిస్తే క్రౌన్, పినియన్ పళ్లకు, బేరింగులకు తుప్పు పడుతుంది. ఒండ్రు కలిసిన ఆయిల్ వాటిని సాన పట్టినట్లు అరగదీస్తుంది.

శుభ్రం చేయడం ఇలా..

ముందుగా బండిని కొద్ది దూరం నడిపి ఆయిల్‌ను గోరువెచ్చగా చేయాలి. అయితే నీట మునిగిన బండిని నడపరాదు. సమతలంపై నిలిపి ముందు చక్రాలకు రాళ్లు పెట్టాలి. జాకీని మాత్రమే నమ్మి బండి కిందకు దూరితే ప్రాణానికే ముప్పు. స్టాండ్లు తప్పనిసరి.

హౌసింగ్ పైనున్న మట్టిని వైరు బ్రష్‌తో గీకిన తర్వాతే బోల్టులు విప్పాలి. ఆయిల్ పోసే ప్లగ్గును మొదట విప్పి చూడాలి. ఉన్న ఆయిల్‌ను వదిలేశాక అది ఊడిరాకపోతే కొత్త ఆయిల్ పోసే దారే ఉండదు.

తర్వాత డ్రెయిన్ ప్లగ్గు తీసి ఆయిల్‌ను పరీక్షించాలి. పాల రంగులో ఉంటే నీరు చేరినట్లే. ప్లగ్గు అయస్కాంతానికి మెత్తటి బూడిద రంగు రజను అంటుకుంటే మామూలు అరుగుదల. పెళుసులు, పంటి ముక్కలు కనిపిస్తే మాత్రం మెకానిక్కు చూడకుండా బండిని కదపరాదు.

వెనుక మూత ఊడదీసే రకమైతే అడుగున పేరుకున్న ముద్దను నూలు పోగులు ఊడని గుడ్డతో తుడవాలి. ఇరుసు గొట్టాల్లో దాగిన మట్టినీ వదలరాదు. కొద్దిగా డీజిల్‌తో కడిగి పూర్తిగా కారనివ్వాలి. పెట్రోలు వాడితే నిప్పు ప్రమాదం. నీటి ప్రెషర్‌ను వాడరాదు. ఎయిర్ గన్‌తో బేరింగులను గిర్రున తిప్పడం కూడా తప్పే. ఆయిల్ లేకుండా తిరిగితే అవి పాడవుతాయి. పినియన్ దగ్గరున్న పల్చటి షిమ్ములను కదిలిస్తే పళ్ల అమరిక చెడి హోరు మొదలవుతుంది.

మూత అంచులోని పాత ప్యాకింగ్‌ను గీకి కొత్తది వేయాలి. బోల్టులను ఎదురెదురుగా బిగించాలి. తయారీదారు పుస్తకంలో చెప్పిన గేర్ ఆయిల్‌నే పోయాలి. చాలా వెనుక ఇరుసులకు జీఎల్-5 రకం సూచిస్తారు. దానికి బదులు ఇంజిన్ ఆయిల్ పనికిరాదు. సాధారణంగా రంధ్రం అంచు దాకా పోస్తే చాలు. నీరు చేరిన బండికి కొద్ది రోజులు నడిపాక మరోసారి ఆయిల్ మార్చడం క్షేమం.

బ్రేకులకూ ముప్పు

బ్రీదర్ మూత మట్టితో పూడుకుంటే లోపలి ఒత్తిడి సీళ్లను తోసుకుని ఆయిల్‌ను చక్రాల వైపు పంపుతుంది. ఆ ఆయిల్ బ్రేకు లైనర్లకు తగిలితే బండి ఆగవలసిన చోట ఆగదు. కనుక సర్వీసు చేయించిన ప్రతిసారీ ఆ చిన్న మూతను తీసి చూడమని అడగాలి.

మరొక్క మాట. వాడేసిన ఆయిల్‌ను కాలువలో గానీ, గట్టు మీద గానీ పారబోయరాదు. డెల్టాలో ఆ నీటితోనే చెరువులు నింపుకుని తాగుతున్నాం. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్‌ను సేకరించే వారికి అప్పగించాలి. ఇక కడగడం అంటారా, బండి చల్లారే దాకా ఆగి, గట్టు మీదే నిలిపి బకెట్లతో కడిగితే సరిపోతుంది. ఆ అరగంట ఓపిక ఉంటే ఇంత పని పడదు.