మూడు కాయల తేడా

మా డాబా మీద పది టమాటా కుండీలు. ఐదింటికి వర్మీ కంపోస్ట్ వేశాను, ఐదింటికి మామూలు పశువుల ఎరువు. దేనికి ఏదో చీట్లు వేసి తేల్చాను. ఎండ బాగా తగిలే మూల ఐదూ ఒకే రకం పెట్టి ఉంటే, తర్వాత ఎంత లెక్క కట్టినా బూడిదలో పోసిన పన్నీరే.

కాపు అయ్యేసరికి వర్మీ కంపోస్ట్ మొక్కలు 14, 18, 11, 20, 17 కాయలు ఇచ్చాయి. సగటు 16. పశువుల ఎరువువి 12, 15, 9, 16, 13. సగటు 13. "చూశారా, నేను చెప్పలా?" అంది మా ఆవిడ. ఆ కంపోస్ట్ బస్తా కొనిపించింది తనే మరి.

ముప్పయ్యేళ్లు స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పినవాణ్ని, అంత తేలిగ్గా ఒప్పుకుంటానా? ఒకే ఎరువు తిన్న మొక్కలే 11 నుంచి 20 దాకా కాస్తున్నాయి. ఆ ఊగిసలాట ముందు 3 కాయల తేడా ఏపాటి?

డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి విలియం గాసెట్‌దీ ఇదే తలనొప్పి. చేతిలో ఉండేవి గుప్పెడు ఫలితాలు, అప్పటి సూత్రాలేమో పెద్ద నమూనాలకు పనికొచ్చేవి. 1908లో చిన్న నమూనాలకు సరిపడే పట్టిక తయారుచేశాడు. సొంత పేరుతో అచ్చువేయడానికి కంపెనీ ఒప్పుకోదు కనుక 'స్టూడెంట్' అని పెట్టుకున్నాడు. రెండు గుంపుల్ని పోల్చేలా దాన్ని మలిచింది ఆ తర్వాత ఫిషర్ అనే స్టాటిస్టీషియన్.

చేసేదల్లా సగటుల తేడాను ఆ ఊగిసలాటతో తూచడమే. ప్రతి మొక్కా తన గుంపు సగటుకు ఎంత దూరమో చూసి, వర్గం చేసి కూడితే ఒకవైపు 50, ఇంకోవైపు 30. వెరసి 80. పది మొక్కల్లోంచి రెండు సగటులకు రెండు తీసేసి, మిగిలిన 8తో భాగిస్తే 10. దాన్ని ఒక్కో గుంపుకీ 5తో భాగించి కలిపితే 4, వర్గమూలం 2. తేడా 3ని ఈ 2తో భాగిస్తే 1.5. టి విలువ అంటే ఇదే.

పట్టికలో 8కి ఎదురుగా 2.306 ఉంది. ఎరువులు రెండూ సమానమే అయితే, ఆ గీత దాటడం వందకు ఐదుసార్లే. మాది దాటలేదు. 1.5 పాటి విలువైతే ఉత్త అదృష్టం మీదే వందకు 17 సార్లు వచ్చేస్తుంది.

"అయితే కంపోస్ట్ దండగంటారా?"

అనను. తేడా లేదని తేలలేదు, ఉందని చెప్పడానికి పది కుండీలు చాల్లేదు. ఇదే తేడా, ఇదే ఊగిసలాట ఇరవై కుండీల్లో కనిపిస్తే టి 2.12 అవుతుంది. అప్పటి గీత 2.101. చచ్చీచెడీ దాటుతుంది.

ఇరవై అనేసరికి ఆవిడ దండెం వైపు చూసింది. "మరి బట్టలెక్కడ ఆరేయమంటారు?"