పక్కవాడి స్పీడు మనది కాదు: గ్రూప్ వర్కవుట్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి

పోయిన ఎపిసోడ్‌లో నడక గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత బందరు నుంచి, గుడివాడ నుంచి, అవనిగడ్డ వైపు నుంచి చాలామంది ఒకటే అడిగారు. "గ్రూప్ క్లాసుల్లో 40 నిమిషాల్లో బరువులు, గెంతులు, పరుగు అన్నీ చేయిస్తున్నారు. ఎప్పుడూ వ్యాయామం చెయ్యనివాళ్ళం చేరొచ్చా?" అని. చేరొచ్చండి. కానీ మొదటి నెల ఎలా చెయ్యాలో తెలుసుకుని చేరండి. నేను తెలుసుకోకుండానే చేరాను.

అప్పుడు నాకు 43 ఏళ్ళు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. మొదటి రోజే పాటల హోరు, "అన్నా, ఇంకొక్క రౌండ్!" అని అరుపులు. నా పక్కన పాతికేళ్ళ కుర్రాడు. వాడు ఆపలేదు కాబట్టి నేనూ ఆపలేదు. స్క్వాట్లే, అంటే మన గుంజీళ్ళలాంటివే, వందకి పైగా తీశాను. మర్నాడు మెట్లు దిగలేకపోయాను. ఒళ్ళు నొప్పులేలే అనుకుని నొప్పి బిళ్ళ వేసుకున్నాను. మూడో రోజు పొద్దున మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. మా ఆవిడకి చెప్తే, "ఇది నొప్పుల వ్యవహారం కాదండీ, ముందు పదండి" అని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నాలుగు రోజులు సెలైన్ మీద ఉన్నాను.

డాక్టరు గారు చెప్పిన పేరు రాబ్డోమయోలిసిస్. పేరు మర్చిపోయినా పర్లేదు, సంగతి గుర్తుపెట్టుకోండి. అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా విపరీతంగా వాడితే కండరం కణాలు పగిలిపోతాయి. లోపలున్న మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. అందుకే మూత్రం ఆ రంగులోకి మారుతుంది. రక్తంలో సీకే అనే పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఆలస్యం చేస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు కిడ్నీల మీద ఇంకా భారం పెంచుతాయి. నేను చేసిన రెండో తప్పు అదే.

అలాగని ఈ వ్యాయామమే చెడ్డదా? కాదు. దీని సూత్రం చాలా సింపుల్. కాసేపు గట్టిగా చెయ్యడం, కాసేపు ఆగడం, మళ్ళీ చెయ్యడం. చెడుగుడు ఆడినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. కూతకి వెళ్ళినవాడికి 30 సెకన్లు ప్రాణం పెట్టి ఆట, తిరిగొచ్చాక కాస్త ఊపిరి. తక్కువ టైములో గుండెకి, ఊపిరితిత్తులకి, కండరాలకి పని పడుతుంది.

క్లాసుల్లో 'టబాటా' అనే మాట వింటుంటారు. 20 సెకన్లు పని, 10 సెకన్లు విశ్రాంతి, ఎనిమిది సార్లు, మొత్తం 4 నిమిషాలు. జపాన్‌కి చెందిన ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన పరిశోధనతో ఈ పేరొచ్చింది. ఆ పద్ధతి పుట్టింది జపాన్ స్పీడ్ స్కేటింగ్ టీమ్ ట్రైనింగ్‌లో. పరిశోధనలో పాల్గొన్నవాళ్ళు అప్పటికే ఆటలాడే కుర్రాళ్ళు. వాళ్ళు చేసింది కూడా కదలకుండా నిలబెట్టిన సైకిల్ మీద. మనం ఆఫీసు కుర్చీలోంచి లేచి నేరుగా అందులోకి దూకితే ఎలా?

"మా నాన్న 75 కిలోల వడ్ల బస్తా మోసేవాడు, మా రక్తంలోనే ఉంది" అన్నారు దివిసీమ నుంచి ఒకాయన. నిజమే కావచ్చండి. కానీ ఆయన కండరం ఏళ్ళ తరబడి మోసి మోసి అలవాటు పడింది. ఆ అలవాటు వారసత్వంగా రాదు. మళ్ళీ మనమే సంపాదించుకోవాలి.

ఇప్పుడు మొదటి నెల లెక్క. వారానికి రెండు క్లాసులు చాలు, మధ్యలో కనీసం రెండు రోజులు ఖాళీ. మొదటి రెండు వారాలు వాళ్ళు ఆరు రౌండ్లు చేస్తే మీరు మూడే చెయ్యండి. కష్టాన్ని పదికి మార్కులేస్తే ఆరు దాటకూడదు. అంటే చేస్తూ చేస్తూ ఒక చిన్న వాక్యం మాట్లాడగలగాలి. మూడో వారం ఒక రౌండు పెంచండి. రౌండ్లు, బరువు, స్పీడు మూడూ ఒకేసారి పెంచొద్దు. బర్పీలో గెంతే బదులు ఒక్కో కాలు వెనక్కి వెయ్యండి. పుషప్ రాకపోతే గోడకి చేతులు ఆనించి చెయ్యండి. స్క్వాట్ అంటే కుర్చీలో కూర్చుని లేవడమే అనుకోండి. బరువు ఎత్తే ముందు ఖాళీ కర్రతో నడుము వంగకుండా తుంటి దగ్గర వంగడం నేర్చుకోండి.

నేను కోలుకున్నాక, డాక్టరు గారు సరేనన్నాక, గుడివాడలో ఇంకో చోట చేరాను. అక్కడి ట్రైనర్ కుర్రాడు మొదటి రోజే, "బాబాయ్, బోర్డు మీద రాసింది వాళ్ళకి. మీ లెక్క వేరే రాస్తా" అన్నాడు. అలా చెప్పే ట్రైనర్ దొరికితే వదులుకోకండి.

మన కోస్తాలో ఇంకో చిక్కుంది, ఉక్కపోత. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆరితే చల్లబడుతుంది. బందరులో మే నెలలో అది ఆరదు, కారిపోతుంది. అందుకని వేసవిలో తెల్లవారుజామునే చెయ్యండి. ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. క్లాసుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గిందంటే దాదాపు లీటరు నీరు పోయినట్టు, కొవ్వు కరిగినట్టు కాదు. ఉప్పు వేసిన మజ్జిగ మంచిదే, బీపీ ఉంటే ఉప్పు సంగతి డాక్టర్ని అడగండి. మంగినపూడి ఇసుకలో పరుగు మొదటి నెల వద్దు. రోడ్డు మీద కంటే కష్టం, మడమలకీ పిక్కలకీ ఎక్కువ పని.

షుగరు, బీపీ ఉన్నవాళ్ళు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళు ఉంటే, నలభై దాటి ఇన్నాళ్ళూ కదలనివాళ్ళు ముందు డాక్టర్ని కలవండి. చేస్తుండగా ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం, ఆగినా తగ్గని ఆయాసం వస్తే అక్కడితో ఆపేసి ఆసుపత్రికి వెళ్ళండి. తర్వాత రెండు మూడు రోజుల్లో కండరం ఉబ్బినా, మూత్రం రంగు మారినా నాలాగా బిళ్ళతో సరిపెట్టొద్దు.

ఇప్పుడు నేను వారానికి మూడు రోజులు వెళ్తున్నాను. రౌండ్లన్నీ చేస్తున్నాను. పక్కన ఎవరున్నారో మాత్రం చూడను. మీ స్పీడుతో మీరు చెయ్యండి, రేపు మళ్ళీ రాగలిగేంతే చెయ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవండి.