పళ్లు చూసి బండ

సంక్రాంతికి ఊరొచ్చిన ఒకప్పటి పదో తరగతి బ్యాచ్ పొదిలిలో ఏ టీకొట్టు దగ్గరో కూడిందంటే, పొగాకు రేటు నుంచి మొదలైన మాట చివరికి ఒంటి మీదికే వస్తుంది. ఎవరికి షుగరు, ఎవరికి బీపీ, ఎవరి పొట్ట ఎంత. 'రేపు పొద్దున గ్రౌండుకు రారా, తేల్చుకుందాం' అనేదాకా పోతుంది. వచ్చారనే అనుకుందాం. వంద మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్‌జంప్, 1500 మీటర్లు. నాలుగూ అయ్యాకే అసలు గొడవ. సెకన్లనీ మీటర్లనీ కలిపేదెట్లా?

తేలిక దారి ర్యాంకులు కూడటం. కానీ అందులో లొసుగుంది. ఒకాయన వందను 15 సెకన్లలో పరిగెత్తి, గుండు 8 మీటర్లు వేశాడు. రెండో ఆయన 16 సెకన్లు, 9 మీటర్లు. చెరొక ఫస్టు, చెరొక సెకండు. ర్యాంకుల్లో సమానం. అదే పది పోటీల డెకాథ్లాన్ పాయింట్ల పట్టికలో చూస్తే మొదటాయనకు 185, 366, మొత్తం 551 పాయింట్లు. రెండో ఆయనకు 89, 426, మొత్తం 515. వందలో ఒక సెకను, గుండులో ఒక మీటరు ఒకటి కాదని పట్టిక లెక్క. పైగా వేగం పెరిగే కొద్దీ సెకను విలువా పెరుగుతుంది. 16 నుంచి 15కు వస్తే 96 పాయింట్లు, 15 నుంచి 14కు వస్తే 127. అంత పైకి పోయాక సెకను తగ్గించడం ఎంత కష్టమో పరిగెత్తిన కాళ్లకే తెలుసు.

ఈ పాయింట్లు ఎంత పీకల మీదికి తెస్తాయో తెలంగాణ అమ్మాయి అగసర నందినిని అడగాలి. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఏడు పోటీల హెప్టాథ్లాన్‌లో ఆమెకు 5712 పాయింట్లు, మన దేశానికే చెందిన స్వప్న బర్మన్‌కు 5708. కాంస్యం నందినిది, నాలుగో స్థానం స్వప్నది. హెప్టాథ్లాన్ చివరి పోటీ 800 మీటర్లు. అందులో 2 నిమిషాల 15 సెకన్ల దగ్గర ఒక్క సెకను విలువ సుమారు 14 పాయింట్లు. అంటే రెండు రోజుల చెమటకు తేడా, సెకనులో మూడో వంతు కన్నా తక్కువ. 2025లో గుమిలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో నందిని 5941 పాయింట్లతో స్వర్ణమే తెచ్చింది.

ఇంత నికార్సయిన డెకాథ్లాన్ పట్టికను మన బ్యాచ్‌కు తెస్తే మాత్రం నవ్వులపాలే. వంద మీటర్లకు 18 సెకన్లు పట్టిందా, సున్నా. 1500 మీటర్లకు 8 నిమిషాలు పట్టిందా, అదీ సున్నా. లాంగ్‌జంప్‌లో 2.20 మీటర్లు దాటకపోతే అక్కడా అంతే. యాభై దాటిన వాళ్లలో కొందరు గుండు పాయింట్లతోనే ఇంటికి పోవాల్సి వస్తుంది.

దీనికి మందు మన ఒంగోలు వైపే ఉంది. ఎడ్ల బండలాగుడు పందేలు చూడండి. జతను బరిలోకి వదిలే ముందు ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెడతారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. ఏ విభాగానికి ఆ బండ. ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగిందన్నదే గెలుపు. రెండు పళ్ల గిత్తకు సీనియర్ల బండ కట్టమంటే ఒంగోలు రైతు మొహాన ఉమ్మేస్తాడు. మనుషులకు వచ్చేసరికి ఆ ఇంగితం మరిచిపోతాం.

ప్రపంచ మాస్టర్స్ అథ్లెటిక్స్ వాళ్లు చేసేదీ ఇదే. 35 ఏళ్ల వయసు నుంచి ప్రతి ఐదేళ్లకూ ఒక విభాగం. మగవాళ్ల గుండు 50 నిండేదాకా 7.26 కిలోలు, యాభైల్లో 6, అరవైల్లో 5, డెబ్బైల్లో 4, ఎనభై నిండితే 3. పాయింట్లు వేసే ముందు సమయాన్నీ దూరాన్నీ వయసుకు తగ్గ గుణకంతో సరిచేస్తారు. ఆడవాళ్లకు పట్టికే వేరు.

పొదిలి గ్రౌండులో ఇంత లెక్క ఎవరు చేస్తారంటారా? ఒక దారుంది. ఈ పండక్కి ఎవరి అంకెలు వారు రాసిపెట్టుకోండి. వచ్చే పండక్కి ఎవరు తమ పాత అంకెను ఎంత శాతం మెరుగుపరిచారో చూడండి. 19 సెకన్ల వాడు 18కి వస్తే, 14 దగ్గరే ఆగినవాడి కన్నా అతనే గెలిచినట్టు. ఆరోగ్యం కోసం ఆడే ఆటకు నా మట్టుకు ఇదే న్యాయమైన కొలత.

పరుగుకు ముందు పావుగంట నడిచి ఒళ్లు వేడెక్కనివ్వండి. గుండె జబ్బుకు మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగాకే దిగండి. మీ బ్యాచ్ యాభై దాటిందా, 7.26 కిలోల గుండు పక్కన పెట్టి 6 కిలోలది తెచ్చుకోండి.