నోట్ 7 వేరే షాపులో కొన్నారా? వెనక్కి ఇచ్చే దారి ఇదీ

2016లో సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లను వెనక్కి తీసుకున్న సంగతి అమెరికాలో ఉన్న మనవాళ్లందరికీ తెలిసిందే. అయినా అప్పట్లో కొందరి జేబుల్లో ఆ ఫోన్ ఇంకా అలాగే ఉండేది. ఎందుకని అడిగితే వినిపించిన జవాబులు మూడు. "నాది మార్చి ఇచ్చిన కొత్త ఫోన్, దానికేం కాదు." "షాపువాళ్లు సామ్‌సంగ్‌ను అడగమంటున్నారు, సామ్‌సంగ్ వాళ్లు షాపును అడగమంటున్నారు." "ఫోన్ ఇండియాలో నాన్నగారి దగ్గర ఉంది."

సామ్‌సంగ్ వెబ్‌సైట్‌లోనే కొన్నవారికి పెద్దగా ఇబ్బంది లేకపోయింది. క్యారియర్ దగ్గరో, ఎలక్ట్రానిక్స్ షాపులోనో, ఆన్‌లైన్ విక్రేత దగ్గరో, తెలిసినవారి దగ్గరో కొన్నవారికే తిరగాల్సి వచ్చింది.

పచ్చ బ్యాటరీ గుర్తును నమ్మొద్దు

ఈ ఫోన్ 2016 ఆగస్టు 19న అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. బ్యాటరీలు వేడెక్కి కాలిపోతున్నాయన్న ఫిర్యాదులతో సెప్టెంబరు 2న సామ్‌సంగ్ అమ్మకాలు ఆపేసింది. సెప్టెంబరు 15న వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ అధికారికంగా రీకాల్ ప్రకటించింది. అప్పటికి అమెరికాలోనే 92 ఫోన్లు వేడెక్కినట్టు ఫిర్యాదులు అందాయి. వాటిలో 26 చోట్ల మనుషులకు కాలిన గాయాలయ్యాయి, 55 చోట్ల ఆస్తి నష్టం జరిగింది. మొదటి రీకాల్‌లో దాదాపు 10 లక్షల ఫోన్లున్నాయి.

వాటికి బదులుగా ఇచ్చిన ఫోన్లలో బ్యాటరీ గుర్తు తెలుపుకు బదులు పచ్చగా కనిపిస్తుంది. పచ్చగా ఉంటే క్షేమమని అప్పట్లో చెప్పారు. కానీ అక్టోబరు 5న లూయివిల్ విమానాశ్రయంలో బయల్దేరబోతున్న సౌత్‌వెస్ట్ విమానంలో ఒక నోట్ 7 నుంచి పొగ వచ్చింది. ప్రయాణికులందరినీ దించేయాల్సి వచ్చింది. అది మార్చి ఇచ్చిన ఫోనే. ఆ తర్వాత సామ్‌సంగ్ ఈ మోడల్ తయారీనే పూర్తిగా ఆపేసింది. అక్టోబరు 13న రీకాల్‌ను పాతవీ కొత్తవీ అన్నింటికీ విస్తరించారు. దాంతో ఆ లెక్క దాదాపు 19 లక్షల ఫోన్లకు చేరింది. అంటే మీ దగ్గరున్నది నోట్ 7 అయితే చాలు, ఎప్పుడు కొన్నా, ఒకసారి మార్చుకున్నా అది రీకాల్‌లో ఉన్నట్టే.

లిథియం అయాన్ బ్యాటరీలో పాజిటివ్, నెగటివ్ పొరల మధ్య చాలా పల్చటి తెర ఉంటుంది. ఆ తెర దెబ్బతిని రెండు పొరలూ కలిస్తే లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఆ వేడికి లోపలి ద్రవం అంటుకుంటుంది, వేడి మరింత వేడిని పుట్టిస్తుంది. పైకి ఫోన్ ఎంత బాగా పని చేస్తున్నా లోపల తెర ఎలా ఉందో మనకు కనిపించదు. "నెల రోజులుగా వాడుతున్నాను, ఏమీ కాలేదు" అన్నది అందుకే భరోసా కాదు.

ముందుగా ఎవరి దగ్గరికి వెళ్లాలి?

2016లో అధికారిక ప్రకటన చెప్పిన దారి ఒక్కటే: ఎక్కడ కొన్నారో అక్కడికే వెళ్లండి. ఏటీ అండ్ టీ, వెరిజాన్, టీ-మొబైల్, స్ప్రింట్ వంటి క్యారియర్ దగ్గర కొంటే ఆ క్యారియర్ దగ్గరికి, బెస్ట్ బై లాంటి షాపులో కొంటే ఆ షాపుకు వెళ్లాలన్నారు. మీ డబ్బు తీసుకున్నది వాళ్లు కాబట్టి తిరిగి ఇవ్వాల్సిందీ వాళ్లే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. షాపులో కొన్నా, నెలనెలా వాయిదా మాత్రం క్యారియర్ బిల్లులో కట్టే ఒప్పందాలు చాలా ఉన్నాయి. అప్పుడు ఫోన్ తీసుకునేది షాపు, వాయిదా రద్దు చేయాల్సింది క్యారియర్. ఒకరు మరొకరి మీదికి తోసేది ఎక్కువగా ఇక్కడే. ముందు రసీదు చూడండి. దాని మీద ఎవరి పేరుందో ఫోన్ వాళ్లకు ఇవ్వండి. ఆ అప్పగింత కాగితం తీసుకుని క్యారియర్‌కు చూపించి వాయిదా రద్దు చేయించండి.

ఆన్‌లైన్ మార్కెట్‌లో కొన్నవారు ఆర్డర్ పేజీలో "అమ్మినవారు" అన్నచోట ఎవరి పేరుందో చూడాలి. వెబ్‌సైట్ ఒకరిది, అమ్మినవారు మరొకరు కావచ్చు. విక్రేతకు ఆ వెబ్‌సైట్ మెసేజ్ పెట్టె ద్వారానే రాయండి, రికార్డు మిగులుతుంది. జవాబు రాకపోతే అదే ఆర్డర్ మీద వెబ్‌సైట్‌కు ఫిర్యాదు చేయండి. ఇలాంటి చోట్ల కొన్న అన్‌లాక్డ్ ఫోన్ ఒక్కోసారి వేరే దేశం మోడల్ అయి ఉంటుంది. కాబట్టి సెట్టింగ్స్‌లో మోడల్ నంబరు చూసి పెట్టుకోండి.

విక్రేత దుకాణం మూసేసినా, క్రెయిగ్స్‌లిస్ట్‌లో సెకండ్ హ్యాండ్ కొన్నా, ఎవరో బహుమతిగా ఇచ్చినా ఫోన్‌ను అలా ఇంట్లో ఉంచుకోవద్దు. సామ్‌సంగ్‌కు నేరుగా ఫోన్ చేయండి. డయలర్‌లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. వాళ్లు ముందు అడిగేది అదే. మీరు మాట్లాడిన తేదీ, కేసు నంబరు రాసి పెట్టుకోండి. ఎవరూ పట్టించుకోకపోతే సేఫర్ ప్రొడక్ట్స్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఫ్యామిలీ ప్లాన్, ఫ్రెండ్ కార్డు

మన దగ్గర నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఒకే ఫ్యామిలీ ప్లాన్ తీసుకోవడం మామూలే. అందులో ఫోన్ మీ చేతిలో ఉన్నా, క్యారియర్ లెక్కలో అది ప్లాన్ యజమానిది. ఆయన ఇప్పుడు మరో రాష్ట్రానికి మారి ఉండవచ్చు కూడా. మీరొక్కరే షాపుకు వెళితే పని కాకపోవచ్చు. ముందే ఆయనతో మాట్లాడి, అకౌంట్‌లో మీ పేరును అధీకృత వ్యక్తిగా చేర్పించుకోండి. లేదా ఆయన్నే క్యారియర్‌కు ఫోన్ చేయమనండి.

డీల్ బాగుందని స్నేహితుడి క్రెడిట్ కార్డు మీద కొన్నవారికీ ఇదే మాట. రీఫండ్ సాధారణంగా ఏ కార్డు మీద కొన్నారో ఆ కార్డుకే వెళుతుంది. ఫోన్ ధర అప్పట్లో 850 నుంచి 890 డాలర్లు. చిన్న మొత్తం కాదు కాబట్టి తర్వాత మొహమాటపడే కంటే ముందే అనుకోవడం మేలు.

డబ్బు లెక్క

2016లో కొన్నవారి ముందున్న దారులు రెండు: పూర్తి డబ్బు వెనక్కి తీసుకోవడం, లేదా వేరే ఫోన్‌కు మార్చుకోవడం. మరో సామ్‌సంగ్ ఫోన్ తీసుకుంటే 100 డాలర్ల వరకు క్రెడిట్ ఇచ్చారు. డబ్బు వెనక్కి తీసుకున్నా, వేరే కంపెనీ ఫోన్ తీసుకున్నా 25 డాలర్లు ఇచ్చారు. నోట్ 7 కోసం కొన్న కేసు, స్క్రీన్ గార్డు డబ్బుల గురించి కూడా అడగండి. టీ-మొబైల్ లాంటి క్యారియర్లు అప్పట్లో వాటినీ కలిపి ఇచ్చాయి, రీస్టాకింగ్ ఫీజు కూడా తీసుకోలేదు.

పాత ఫోన్ ఇచ్చి ఈ ఫోన్ తీసుకున్నవారు, ఆ పాత ఫోన్‌కు కట్టిన విలువ ఏమవుతుందో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది వాయిదాల సంగతి. ఫోన్ ఇచ్చేశాం కదా అని ఆ నెల వాయిదా కట్టడం మానేయొద్దు. వాయిదా రద్దయినట్టు బిల్లులో కనిపించేదాకా కట్టండి, ఎక్కువ కట్టింది తర్వాత అడిగి తీసుకోవచ్చు. కట్టని వాయిదా కలెక్షన్‌కు వెళితే క్రెడిట్ హిస్టరీ దెబ్బతింటుంది. కొత్తగా వచ్చిన విద్యార్థులకు, ఇల్లు కొనాలని చూస్తున్నవారికి ఆ నష్టం ఫోన్ ధర కంటే ఎక్కువ.

షాపు రీఫండ్ ఇస్తానని చెప్పి కార్డులో వేయకపోతే, బిల్లింగ్ పొరపాటు కింద కార్డు కంపెనీకి రాయవచ్చు. ఆ పొరపాటు కనిపించిన మొదటి బిల్లు పంపిన 60 రోజుల్లోగా మీ ఉత్తరం అందాలి. ఫోన్ అప్పగించిన రసీదు జతచేయండి.

పోస్టులో వేయకూడదు

ముందు ఫొటోలు, కాంటాక్టులు, మెసేజ్‌లు కంప్యూటర్‌లోకో క్లౌడ్‌లోకో ఎక్కించుకోండి. మెమరీ కార్డు, సిమ్ తీసేయండి. గూగుల్, సామ్‌సంగ్ అకౌంట్లు తొలగించి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ తర్వాత స్విచాఫ్ చేసి మళ్లీ చార్జింగ్ పెట్టకండి.

వీలైతే షాపులో చేతికే ఇవ్వండి. పార్సిల్ పంపాల్సిన వారికి 2016లో కంపెనీ ఒక కిట్ పంపేది. అందులో వేడిని తట్టుకునే పొర ఉన్న పెట్టె, లోపల చిన్న పెట్టెలు, చేతి తొడుగులు ఉండేవి. ఆ పొర కొందరికి చర్మం మీద దురద పుట్టిస్తుంది, అందుకే తొడుగులు. పెట్టె మీద విమానంలో పంపకూడదని రాసి ఉండేది, అది రోడ్డు మార్గంలోనే వెళ్లాల్సి ఉండేది. మామూలు కవర్‌లో పెట్టి పోస్టాఫీసులో ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం.

ఇండియా ప్రయాణం

2016 అక్టోబరు 15 మధ్యాహ్నం నుంచి అమెరికా విమానాల్లో నోట్ 7ను పూర్తిగా నిషేధించారు. చేతిలో కాదు, క్యాబిన్ బ్యాగులో కాదు, చెక్ఇన్ సూట్‌కేసులో అసలే కాదు. సూట్‌కేసులో దాచి తీసుకెళ్లడం మరీ ప్రమాదం, కింద సామాన్ల మధ్య అంటుకుంటే వెంటనే ఎవరూ చూడలేరు. పట్టుబడితే జరిమానాతో పాటు క్రిమినల్ కేసు కూడా పెట్టవచ్చని అప్పట్లో హెచ్చరించారు. అప్పట్లో కొన్ని పెద్ద విమానాశ్రయాల్లో సామ్‌సంగ్ కౌంటర్లు పెట్టింది.

ఇప్పటికే ఇండియాకు పంపేసిన ఫోన్ సంగతి వేరు. అక్కడ ఈ మోడల్ అమ్మకాలు సెప్టెంబరు 2న మొదలు కావాల్సింది, మొదలుకాలేదు. కాబట్టి వెనక్కి ఇవ్వడానికి అక్కడ "కొన్న షాపు" అంటూ లేదు. విమానంలో తిరిగి తేవడమూ కుదరదు. ఇంట్లో వాళ్లతో ఈ రోజే మాట్లాడి ఫోన్ ఆపేయించండి. చార్జర్ తీసేయించి, మంచం, బట్టలు, గ్యాస్ స్టవ్ దగ్గర లేకుండా పెట్టించండి. ఐఎంఈఐ నంబరు తీసుకుని మీరు ఇక్కడి సామ్‌సంగ్‌కు ఫోన్ చేయండి, వాళ్లను అక్కడి కస్టమర్ కేర్‌కు చేయమనండి. రెండు చోట్లా కేసు నంబరు తీసుకోండి. రీఫండ్ ఆలస్యమైనా ఫరవాలేదు, ఫోన్ ఆపడం ఆలస్యం కాకూడదు.

అమ్మడం, ఇచ్చేయడం

తక్కువ ధరకు ఎవరికైనా అమ్మేద్దామనే ఆలోచన వద్దు. రీకాల్ చేసిన వస్తువును అమ్మడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఈ నిషేధం షాపులకే కాదు, మామూలు మనుషులకూ వర్తిస్తుంది. ఊరికే ఇచ్చేసినా ప్రమాదం ఇంకో ఇంటికి మారుతుందంతే. చెత్తబుట్టలో పడేయడమూ పరిష్కారం కాదు, చెత్త లారీలో నలిగితే అంటుకునేది ఆ బ్యాటరీయే.

ఈ వారాంతంలో ఒక గంట కేటాయించండి. రసీదు, ఐఎంఈఐ నంబరు, కొన్న కార్డు, అకౌంట్ యజమాని పేరు ఒక కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి. అప్పగించిన రసీదు చేతికి వచ్చేదాకా కౌంటర్ వదలొద్దు.