పాత సి.ఎన్.సి. యంత్రాలలో సర్వో ఓవర్‌లోడ్ అలారం: కారణ నిర్ధారణ

సర్వో ఓవర్‌లోడ్ అలారం రాగానే ముందుగా డ్రైవ్‌ను అనుమానించి మార్చడం వర్క్‌షాపులలో తరచుగా కనిపించే అలవాటు. పాత యంత్రాలకు డ్రైవ్ దొరకడమే కష్టం, దొరికినా ఖరీదెక్కువ. కొత్తది బిగించిన గంటకే అదే అలారం తిరిగివస్తే ఆ ఖర్చంతా వృథా. నిజానికి ఈ అలారం వేడి పుట్టిందని మాత్రమే చెబుతుంది, ఎందుకు పుట్టిందో చెప్పదు.

1990లలో విరివిగా వాడిన ఫానుక్ 16, 18 కంట్రోళ్లలో ఇది 400వ నంబరు అలారం. డయాగ్నొస్టిక్ 200లో ఓవీఎల్ బిట్ 1గా ఉంటే, 201లోని ఏఎల్‌డీ బిట్‌ను చూడాలి. అది 1 అయితే వేడెక్కినది మోటారు; 0 అయితే యాంప్లిఫయర్.

అంతకంటె విలువైన ఆధారం అలారం వచ్చే సమయం. రాత్రంతా చల్లబడిన యంత్రం స్విచ్ వేయగానే అలారం చూపితే అక్కడ వేడి లేనట్టే. మోటారు వైండింగ్‌లోని థర్మల్ స్విచ్ మామూలుగా మూసుకొని ఉండి, వేడికి తెరుచుకుంటుంది. కేబుల్‌లో తీగ తెగినా, కనెక్టరులోకి కూలెంట్ చేరి పిన్ను తుప్పుపట్టినా కంట్రోలుకు అందేది అదే సంకేతం. అరగంట పని చేశాక వచ్చి, చల్లారాక తొలగిపోయే అలారం మాత్రం చాలావరకు నిజమైన భారానిది.

వైండింగ్‌లో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది. ప్రవాహం 20 శాతం పెరిగితే వేడి 44 శాతం పెరుగుతుంది. అందువల్ల స్లైడ్‌కు నూనె అందకపోవడం, గిబ్ బిగుసుకోవడం, కవరు కింద చిప్స్ పేరుకోవడం వంటి చిన్న లోపాలే మోటారును హద్దు దాటిస్తాయి. అక్షాన్ని నెమ్మదిగా రెండు దిశలలోనూ నడిపి, తెరపై కరెంటు శాతాన్ని గమనించాలి. ఒకే చోట పెరిగితే లోపం ఆ చోటిది. పొడవునా ఎక్కువగా ఉంటే నూనె, గిబ్, బ్రేకు అనుమానించదగినవి. నిలువు అక్షంలో బ్రేకు పూర్తిగా విడువక మోటారు దానితో పెనుగులాడుతుండవచ్చు. కాయిల్‌కు సరైన వోల్టేజి అందుతున్నదా అన్నది ముందుగా కొలవాలి.

అప్పటికీ తేలకపోతే పవరు ఆపి, మోటారును విడదీసి, బాల్‌స్క్రూను చేతితో తిప్పి చూడడం మేలు. నిలువు అక్షమైతే హెడ్ కింద బలమైన కలప దిమ్మె పెట్టిన తరువాతే బోల్టులు వదులు చేయాలి. చాలా యంత్రాలలో బ్రేకు మోటారులోనే ఉంటుంది కనుక మోటారుతోపాటు ఆ పట్టూ పోతుంది. స్క్రూ తేలికగా తిరిగితే మిగిలిన పరీక్ష వైండింగ్ ఇన్సులేషన్‌ది. మెగ్గర్ పెట్టేముందు మోటారు తీగలను యాంప్లిఫయర్ నుంచి తప్పక తొలగించాలి. ఆ 500 వోల్టులు సక్రమంగా ఉన్న డ్రైవ్‌ను కూడా పాడుచేయగలవు.