నాలుగు బిందువుల్లో విమానం వంపు

ధర్మవరం జకార్డు మగ్గం మీద చీర అంచు ఎలా పుడుతుందో ఆ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. గ్రాఫు కాగితం మీద గడులు నింపి, ఆ లెక్కన అట్టలకు బెజ్జాలు కొడతారు. బెజ్జం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంచులోని నెమలి మెడ నిజానికి మెట్లు మెట్లుగా పేర్చిన గడులే. అంచు పెద్దది కావాలంటే గ్రాఫు మళ్లీ వేయాల్సిందే. కంప్యూటర్లో వెక్టర్ పద్ధతిలో విమానం బొమ్మ వేసేవాళ్లది దీనికి ఎదురు దారి. వాళ్లు గడులను కాక, వంపు పుట్టే సూత్రాన్నే దాచుకుంటారు. గాలి జారిపోయేలా నున్నగా తీర్చిన విమానానికి ఈ దారే తగినది.

ఆ సూత్రం పుట్టింది కార్ల కంపెనీల్లో. పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో తయారయ్యే కార్ల రేకుల్లాంటి వంపులను అంకెల్లో చెప్పడం ఎలా అన్నదే అప్పటి సమస్య. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లో దారి కనిపెట్టాడు, కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచింది. రెనోలో పియర్ బెజియే మరో దారిన అక్కడికే చేరి 1960లలో బయటపెట్టాడు, ఆ వంపులకు ఆయన పేరే దక్కింది. నా ఓటు మాత్రం కాస్టెల్జోకే, ఆయన పద్ధతి అంత ముచ్చటైనది. తేజస్ యుద్ధవిమానం కాక్‌పిట్ కప్పు గీయాలనుకోండి. నాలుగు బిందువులు పెట్టండి: రెండు వంపు కొసలు, మధ్యవి రెండూ వంపును తమవైపు లాగే పిడులు. వరసగా కలిపితే మూడు గీతలు. వాటి నడిమి బిందువులను కలిపితే రెండు గీతలు. ఆ రెంటి నడిమి బిందువులను కలిపితే ఒక్క గీత, దాని నడిమి బిందువు సరిగ్గా వంపు మీదే పడుతుంది. పైగా ఈ గుర్తులే వంపును రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ సొంతంగా నాలుగు బిందువులిస్తాయి. మళ్లీ అదే పని. కూడి సగం చేయడమే లెక్కంతా, అందుకే ఎంత దగ్గరికెళ్లి చూసినా గీత గరుకుబారదు.

తెర మీద చివరికి అన్నీ చుక్కలే కదా అనొచ్చు. నిజమే, కానీ అవి చుక్కలయ్యేది ఆఖరున, ఆ తెర కొలతకు తగ్గట్టు. అసలు బొమ్మ చెక్కుచెదరదు. ఈ వంపులతో అచ్చమైన వృత్తం రాదన్నదీ నిజమే. అయితే నాలుగు వంపులతో విమానం చక్రం గీస్తే తేడా వ్యాసార్ధంలో సుమారు 0.03 శాతం, వెయ్యి చుక్కల వ్యాసార్ధానికి చుక్కలో మూడోవంతు కూడా కాదు. ఫొటో ఇచ్చి సాఫ్ట్‌వేర్‌నే గీయమంటే పోదా అన్న ప్రశ్నకు జవాబు ఆ బొమ్మలోనే కనిపిస్తుంది: అక్కర్లేని బిందువులు వందలకొద్దీ పడి, నున్నటి రెక్క అంచు వణుకుతుంది. వివరం రావాల్సింది బిందువుల గుంపు వల్ల కాదు, పొరల వల్ల. అడుగున ఒళ్లు, దాని మీద ఆ ఆకారానికే కత్తిరించిన వెలుగునీడలు, పైన రేకుల అతుకులు, రివెట్లు, గుర్తులు. స్క్వాడ్రన్ గుర్తు మారితే ఆ ఒక్క పొరనే ముట్టుకుంటే చాలు.

ఇలా గీసే సాఫ్ట్‌వేర్లలో 1987లో ఇలస్ట్రేటర్ వచ్చింది, 2003లో ఇంక్‌స్కేప్. రెండోది ఉచితం. ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగే యలహంక హిందూపురానికి దూరమేమీ కాదు. హిందూపురం విద్యార్థులు తేజస్‌ను ఒక్కసారి గీసి చూడాలి, వీలైనన్ని తక్కువ బిందువులతో.