పటాన్‌చెరు పెరట్లో పూల దానిమ్మ: ఏ నీళ్లు పోయాలి? ఏది తినకూడదు?



పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం చుట్టుపక్కల ఇల్లు కట్టుకున్నవాళ్లు తరచూ ఒక మాట అడుగుతుంటారు: "మా బోరు నీళ్లతో పెరట్లో ఏం పెరుగుతుంది?" చాలా మొక్కలు పెరుగుతాయండి. పెరిగిన దాన్ని ధైర్యంగా తినొచ్చా అన్నదే అసలు ప్రశ్న.

ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు నక్కవాగులో కలిసి మంజీర వైపు పారిన కథ ఇక్కడి పెద్దలకు తెలిసిందే. ఆ గొడవ 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన అధ్యయనంలో పటాన్‌చెరు పారిశ్రామిక వాడ మట్టిలో క్రోమియం, నికెల్, సీసం, ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అంతమాత్రాన ప్రతి పెరడూ చెడిపోయిందని కాదు. పరీక్ష చేయించే వరకు మాత్రం నేలలో తినే పంట కాకుండా పూల చెట్టు పెట్టుకోవడం మంచిది. అందుకు పూల దానిమ్మ బాగా పనికొస్తుంది.

ఇందులో రెండు రకాలున్నాయి. ముద్ద దానిమ్మలో కేసరాలు రేకులుగా మారిపోతాయి కాబట్టి పువ్వు బంతిలా ముద్దగా పూస్తుంది, కాయ కట్టదు. పూలు రాలిపోతున్నాయని కంగారు పడొద్దు, దాని తీరే అంత. రెండోది మరుగుజ్జు దానిమ్మ. సుమారు మూడడుగులు పెరుగుతుంది, చిన్న చిన్న పుల్లటి కాయలు కాస్తుంది. దీన్ని కుండీలో పెట్టుకోవచ్చు. దానిమ్మ మన గోరింటాకు కుటుంబానికి చెందిన మొక్కే. ఎండకు ఓర్చుకుంటుంది, కొంత ఉప్పు నీటినీ తట్టుకుంటుంది.

నాటే విధానం: పెన్సిల్ మందం, జానెడు పొడవు ఉన్న ముదురు కొమ్మను నాలుగైదు కణుపులు ఉండేలా కత్తిరించండి. రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా నాటి, నీడలో పెట్టండి. సుమారు రెండు నెలల్లో వేర్లు పట్టుకుంటాయి. తర్వాత రోజుకు ఆరు గంటల ఎండ తగిలే చోటికి మార్చండి. నల్లరేగడి అయితే నీళ్లు నిలవకుండా మట్టిని కాస్త ఎత్తు చేసి నాటాలి. నీళ్లు ఎక్కువైతే ఆకు పసుపుబారి రాలుతుంది. మొదట్లో వచ్చే పిలకలు తీసేస్తుండాలి. పూలు కొత్త చిగుళ్ల మీద వస్తాయి కాబట్టి చలికాలం చివర్లో తేలికగా కత్తిరించండి.

పోషణ: 20 లీటర్ల నీటికి కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పు పిండి, పిడికెడు మట్టి కలిపి 48 గంటలు నీడలో ఉంచితే జీవామృతం తయారు. దీన్ని పదింతల నీటిలో కలిపి 15 రోజులకోసారి పాదులో పోయండి. పైన ఎండుటాకుల ఆచ్ఛాదన వేయండి. పేనుబంక కనిపిస్తే నీమాస్త్రం చాలు: 5 లీటర్ల నీటికి పావుకిలో వేపాకు ముద్ద, పావులీటరు మూత్రం, 100 గ్రాముల పేడ కలిపి ఒక రోజు ఉంచి, వడకట్టి పిచికారీ చేయండి.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. జీవామృతం నేలకు ప్రాణం పోస్తుంది గానీ, సీసాన్నీ ఆర్సెనిక్‌నూ మాయం చేయదు. అవి మూలకాలు, సూక్ష్మజీవులు తిని హరించుకునేవి కావు. ఆవు మేసిన గడ్డి వాగు నీటితో పెరిగిందైతే పేడనూ అనుమానించాల్సిందే. అలాగే టీడీఎస్ మీటరు మొత్తం లవణాలను అంచనా వేస్తుందే తప్ప ఏ లోహం ఎంత ఉందో చెప్పదు. నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు అంటే సరిపోదు. భార లోహాల పరీక్ష ల్యాబులోనే చేయించాలి.

అన్నింటికన్నా మేలు వాన నీళ్లు. 20 చదరపు మీటర్ల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 200 లీటర్ల డ్రమ్ము నిండుతుంది. తొలకరిలో మొదటి వానను మాత్రం వదిలేయండి, మిద్దె మీది దుమ్మంతా అందులోనే వస్తుంది.

మరో రెండు జాగ్రత్తలు. పరీక్ష చేయని నేలలో పూసిన పూలను, బెరడును కషాయాలకు వాడొద్దు. ఆ కొమ్మలు, ఆకులు కూరగాయల మడిలో ఎరువుగా వేయొద్దు. దగ్గర్లో దానిమ్మ తోట ఉంటే ఆకుల మీద బ్యాక్టీరియా మచ్చలు వస్తున్నాయేమో గమనిస్తూ, కత్తెరను శుభ్రం చేసి వాడండి.

పండు తినాలని ఉంటే నమ్మకమైన మట్టి తెచ్చి, పెద్ద కుండీలో, వాన నీటితో పండ్ల రకం పెంచుకోండి. నేలలో మాత్రం ముద్ద దానిమ్మే ఉండనివ్వండి. దేవుడికి పూలు, కంటికి ఎర్రటి రంగు దొరుకుతాయి. పరీక్ష ఫలితం చేతికొచ్చాక ఆ పక్కన ఏం పెట్టాలో నిశ్చింతగా నిర్ణయించుకోవచ్చు.